చట్టం తెలిసినవారికి చట్టం అండ ఉన్నదా?

(ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో తెలుగు న్యాయశాస్త్ర విద్యార్థులు, యువ న్యాయవాదులు జరుపుకున్న సమావేశంలో ఫెడరేషన్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ట్రేడ్ యూనియన్ వారిని పిలిచి, బహుళజాతి కంపెనీలలో న్యాయశాఖ ఉద్యోగాలను గురించి మాట్లాడమని మీరు కోరారు. ఈ కోరిక కొందరికి వింతగా తోచవచ్చును. మాకు మాత్రం సహజంగానే తోచినది. గత మూడు దశాబ్దాలుగా రాజీ అధికారి గదిలో, లేబర్ కోర్టు వరండాలో, చార్జిషీటు అందుకున్న కార్మికుని విచారణలో మాకు ఎదురుగా కూర్చున్నది తరచుగా కంపెనీ లా ఆఫీసరే. కంపెనీ యజమానిని మేము చూసింది తక్కువ. బహుళజాతి కంపెనీ అయినచో అసలు యజమాని ఏ దేశంలో ఉన్నాడో కార్మికునికి తెలియదు. అతనికి కనిపించే యాజమాన్యం, చట్టం చదివిన ఒక యువకుడు లేక యువతి. కాబట్టి మీ ఉద్యోగం సంగతి మాకు కొంత తెలుసును.

ఈ ముఖర్జీ నగర్‌లో ఇరుకు గదులలో అద్దెకుండి చదువుకుంటున్న మీలో రెండు తరగతుల వారు ఉన్నారు. ఒకరు సివిల్స్‌కు, న్యాయాధికారుల పరీక్షలకు తయారవుతున్నవారు. రెండవవారు ఇప్పటికే గురుగ్రామ్‌లోనో నోయిడాలోనో హైదరాబాదులోనో ఒక కంపెనీ నుంచి నియామక ఉత్తర్వు అందుకున్నవారు, లేదా అందుకోవాలని ఆశిస్తున్నవారు. ఇక్కడి గురు తేగ్ బహదూర్ నగర్ స్టేషనులో మెట్రో ఎక్కితే తరువాతి స్టేషను విశ్వవిద్యాలయం. అదే రైలు చివరకు గురుగ్రామ్ చేరుతుంది. లా కళాశాల నుంచి కంపెనీ కార్యాలయానికి దారి ఇప్పుడు అంత సూటిగా ఉన్నది. ఆ దారిన పోవద్దని చెప్పడానికి మేము రాలేదు. తండ్రి పొలం తాకట్టు పెట్టి చదివించిన బిడ్డకు, కోర్టులో సీనియరు వద్ద చాలీచాలని పైకంతో ఏళ్ల తరబడి గడపమని హితవు చెప్పే అధికారం మాకు లేదు. అయితే ఆ ఉద్యోగంలో చేరిన మరుక్షణం చట్టం దృష్టిలో మీరు ఎవరవుతారో తెలుసుకుని చేరండి. ఈనాటి మా మాట అదే.

సన్నదు సంగతి

మొదటిది, మీ నల్లకోటు. 1961 నాటి అడ్వకేట్ల చట్టం ఇచ్చిన అధికారంతో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు చేసినది. వాటిలో 49వ నియమం ప్రకారం అడ్వకేటుగా ప్రాక్టీసు చేస్తున్నవారు ఏ వ్యక్తి వద్దగాని, ప్రభుత్వం వద్దగాని, సంస్థ వద్దగాని పూర్తికాలపు జీతం ఉద్యోగం చేయరాదు. అట్టి ఉద్యోగంలో చేరినచో ఆ సంగతి బార్ కౌన్సిలుకు తెలియజేసి, ఉద్యోగం సాగినంత కాలం ప్రాక్టీసు నిలిపివేయవలెను. హిమాచల్ ప్రదేశ్ విద్యుత్ బోర్డులో పనిచేస్తున్న ఒక లా ఆఫీసరు తన సన్నదు నిలుపుకోవాలని సుప్రీం కోర్టు దాకా వెళ్లారు. జీతం తీసుకునే పూర్తికాలపు ఉద్యోగి అడ్వకేటుగా కొనసాగజాలరని 2001లో కోర్టు తేల్చి చెప్పినది. ప్రభుత్వ బోర్డు ఉద్యోగికే ఈ నియమం వర్తించినప్పుడు విదేశీ కంపెనీ ఉద్యోగికి వర్తించదని అనుకోవడానికి వీలు లేదు.

దీని ఫలితం ఈ గదిలో కూర్చున్న మొదటి తరగతి మిత్రులకు వెంటనే తగులుతుంది. 2025 మే 20న సుప్రీం కోర్టు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండవలెనన్న పాత షరతును మళ్లీ తెచ్చినది. "ముందు రెండు మూడేళ్లు కంపెనీలో పనిచేసి కొంత డబ్బు కూడబెట్టుకుని, తరువాత పరీక్ష రాస్తాను" అని లెక్క వేసుకున్నవారు ఆ లెక్కను సరిచూసుకోవలసి ఉన్నది. ప్రాక్టీసు నిలిపివేసిన కాలం ప్రాక్టీసు కిందికి ఎట్లా వస్తుంది? కంపెనీలో మూడేళ్లు రేయింబవళ్లు చట్టమే చదివినా, చట్టమే రాసినా, ఆ మూడేళ్లు బార్‌లో గడిపినట్లు కాదు.

సన్నదు తీసుకోవడానికే డబ్బు లేక కంపెనీ దారి పట్టినవారు కూడా కొందరున్నారు. రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు వేలకు వేలు వసూలు చేసిన రోజులవి. 2024 జూలై 30న సుప్రీం కోర్టు ఆ పద్ధతిని కొట్టివేసి, చట్టంలో ఉన్న 750 రూపాయలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 125 రూపాయలకు మించి నమోదు రుసుము తీసుకోరాదన్నది. పేద కుటుంబాల నుంచి వచ్చినవారు ఈ సంగతి తెలుసుకుని ముందుగా నమోదు చేసుకోండి. ఉద్యోగంలో చేరేటప్పుడు నియమం ప్రకారం ప్రాక్టీసు నిలిపివేయండి. ఉద్యోగం పోయిన నాడు తిరిగి వెళ్లడానికి ఒక ఇల్లు మిగులుతుంది.

రహస్యం ఎవరిది?

రెండవది, మీ సలహా. కక్షిదారు తన న్యాయవాదికి చెప్పిన మాట బయటపెట్టమని ఎవరూ బలవంతం చేయరాదన్నది మన సాక్ష్య చట్టంలో పాతకాలం నుంచి ఉన్న రక్ష. 1872 చట్టం స్థానంలో వచ్చిన 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమంలో అది 132వ సెక్షను. కంపెనీలో జీతం తీసుకునే న్యాయ సలహాదారుకు ఈ రక్ష ఉన్నదా అన్న ప్రశ్నకు 2025 అక్టోబరు 31న సుప్రీం కోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం సమాధానం చెప్పినది: లేదు. ఆయన కోర్టులో ప్రాక్టీసు చేసే అడ్వకేటు కాడు గనుక 132వ సెక్షను ఆయనకు వర్తించదు. కంపెనీ బయటి న్యాయవాదితో జరిపిన సంప్రదింపులకు 134వ సెక్షను కింద రక్షణ ఉండవచ్చును. కంపెనీకీ దాని జీతగాడైన సలహాదారుకూ మధ్య నడిచిన ఉత్తరాలకు ఆ రక్షణ లేదు.

ఈ ఆలోచన మన దేశంలోనే పుట్టినది కాదు. అక్జో నోబెల్ అనే డచ్చి బహుళజాతి రసాయన కంపెనీ కేసులో 2010 సెప్టెంబరు 14న ఐరోపా న్యాయస్థానం ఇదే చెప్పినది. గుత్తాధిపత్య విచారణలో ఆ కంపెనీ తన సొంత న్యాయవాదితో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలను దాచుకోజాలదన్నది. అందుకు చెప్పిన కారణం కార్మికోద్యమంలో ఉన్నవారికి కొత్తది కాదు. జీతం ఇచ్చేవాని మీద ఆర్థికంగా ఆధారపడినవాడు, ఎంత నిజాయితీపరుడైనా, బయటి న్యాయవాదికి ఉన్నంత స్వాతంత్ర్యం కలిగి ఉండడు. అమెరికాలో పరిస్థితి వేరు. 1981లో అక్కడి సుప్రీం కోర్టు అప్‌జాన్ అనే మందుల కంపెనీ కేసులో కంపెనీ న్యాయవాదికి ఉద్యోగులు చెప్పిన మాటలకు రక్షణ ఉన్నదని తీర్పు చెప్పినది. కాబట్టి బహుళజాతి కంపెనీలో ఒకే సంగతి మీద రాసిన ఒకే ఉత్తరానికి న్యూయార్కులో రక్షణ ఉండవచ్చు, గురుగ్రామ్‌లో లేకపోవచ్చు. అక్కడి పై అధికారికి ఉన్న ధీమా ఇక్కడి మీకు ఉండదు.

దీనికి ఇంకొక ముఖం కూడా ఉన్నది. మీరు రాసిన హెచ్చరికకు రక్ష లేదంటే, దానిని కంపెనీ శాశ్వతంగా దాచిపెట్టుకోజాలదని కూడా అర్థం. "ఈ పని చట్టవిరుద్ధం" అని మీరు కాగితం మీద పెట్టిన మాట ఒకనాడు కోర్టు బల్ల మీదికి రావచ్చును. అందుకే కొన్ని చోట్ల "రాయవద్దు, ఫోనులో చెప్పండి" అన్న ఆదేశం వస్తుంది. అట్టి ఆదేశం వచ్చిన రోజున జాగ్రత్త పడవలసింది మీరే.

కార్మికుడు కాడు, మరి ఎవరు?

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది. నల్లకోటు లేదు, రహస్య రక్షణ లేదు. పోనీ, కార్మికునికి ఉన్న రక్షణ అయినా ఉన్నదా? ముయిర్ మిల్స్ అనే జౌళి మిల్లులో లీగల్ అసిస్టెంటుగా పనిచేసి, తొలగింపునకు గురైన ఒక ఉద్యోగి కేసులో 2006లో సుప్రీం కోర్టు ఆయన "వర్క్‌మన్" నిర్వచనంలోకి రాడని తీర్పు ఇచ్చినది. వృత్తి నిపుణుడు వేరు, కార్మికుడు వేరు అన్నది. 2025 నవంబరు 21న పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా మేనేజరు హోదాలో ఉన్నవారిని, నెలకు 18,000 రూపాయలకు మించిన జీతంతో సూపర్వైజరు పనిలో ఉన్నవారిని వివాదాల విషయంలో కార్మికుల లెక్కలోనుంచి తీసివేసినది. కంపెనీలు మీకిచ్చే "అసోసియేట్ మేనేజర్" వంటి బిరుదులను చూసి ఇంటివద్ద అమ్మానాన్నలు సంతోషిస్తారు. తొలగింపు రోజున ఆ బిరుదునే మీకు ఎదురుగా నిలబెడతారు.

హైదరాబాదులో మా కార్యాలయానికి ఒకసారి ఒక యువతి వచ్చినది. ఒక విదేశీ కంపెనీ న్యాయశాఖలో మూడేళ్లు పనిచేసినది. యూనియన్ కార్యకర్తనొకరిని పనిలోనుంచి తీసివేసిన విచారణలో, పాత తేదీ వేసి ఒక నోటీసు తయారు చేయమన్నారు. ఆమె చేయనన్నది. రెండు వారాలలో "మీ పని తృప్తికరంగా లేదు" అని చెప్పి, ఒక నెల జీతం చేతిలో పెట్టి, అక్కడికక్కడే రాజీనామా రాయించుకున్నారు. ఆమె కాపాడిన కార్మికునికి లేబర్ కోర్టు ఉన్నది, యూనియన్ ఉన్నది. ఆమెకు ఆ రెండూ లేవు. సివిలు కోర్టులో నష్టపరిహారం దావా వేయవచ్చును. సొంత సేవకు సంబంధించిన ఒప్పందాన్ని కోర్టు బలవంతంగా అమలు జరపదు గనుక ఆ దావా వల్ల ఉద్యోగం తిరిగి రాదు. మేము ఆమెకు ఒక న్యాయవాదిని చూపగలిగాము, ఆమె చేసిన పనికి కృతజ్ఞత చెప్పగలిగాము. అంతకుమించి ఏమీ చేయలేకపోయాము. ఆమె వంటివారు ఎందరు ఉన్నారో, మా గడప ఎక్కనివారు ఎందరో.

బల్లకు అవతలివైపు

నాలుగవది, కార్మికులతో మీ సంబంధం. రాజీ చర్చలలో ఏ పక్షమూ లాయరును తేరాదనీ, లేబర్ కోర్టులో అయితే అవతలి పక్షం ఒప్పుకోవలెననీ, కోర్టు అనుమతి కావలెననీ పారిశ్రామిక చట్టం మొదటినుంచీ చెబుతున్నది. డబ్బు ఉన్నవాడు పెద్ద లాయరును తెచ్చి, లేనివాని నోరు కట్టివేయరాదన్నది దాని ఉద్దేశం. అయితే 1976లో పారాదీప్ పోర్టు ట్రస్టు కేసులో సుప్రీం కోర్టు ఒక సంగతి స్పష్టపరచినది. కంపెనీ జీతంలో, కంపెనీ అదుపులో ఉండి, ప్రాక్టీసులో లేని అధికారికి లా డిగ్రీ ఉన్నంత మాత్రాన కంపెనీ తరఫున రావడానికి అడ్డు లేదన్నది. అనగా వాకిట్లో ఆగిపోవలసిన లాయరు, కంపెనీ ఆఫీసరుగా లోపలికి రాగలడు. ప్రాక్టీసు నిలిపివేయడం మీకు నష్టం. అదే కంపెనీకి ఒక సౌకర్యం. చట్టం తెలిసిన మనిషి, లాయరుకు ఉన్న అడ్డంకి లేకుండా, కార్మికుని ఎదుట కూర్చుంటాడు. దీనివల్ల మీకు మా మీదగాని, మాకు మీ మీదగాని ద్వేషం ఉండనవసరం లేదు. ఆ కుర్చీ ఎందుకు వేయబడినదో మాత్రం ఉభయులకూ తెలిసి ఉండవలెను.

ఆ కుర్చీ ముందుకు వచ్చే కాగితాలు మామూలువి కావు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. అది దక్షిణ కొరియా ఎల్జీ కెమ్‌కు చెందిన కంపెనీ. ఉత్పత్తికి తగిన పర్యావరణ అనుమతి తమ వద్ద లేదని ఆ కంపెనీయే అంతకు ఏడాది ముందు, 2019 మేలో, అధికారులకు ఇచ్చిన అఫిడవిట్‌లో ఒప్పుకొన్నది. ప్రమాద సమయంలో సైరను మోగలేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతాధికార సంఘం నివేదించినది. అనుమతి లేదన్న వాక్యం ఒక కాగితం మీద ఉన్నది, ఆ కాగితం ఫైలులో ఉన్నది, యంత్రాలు మాత్రం నడిచాయి. ఏ కంపెనీలోనైనా న్యాయశాఖ బల్ల మీదుగా పోయేవి ఇటువంటి వాక్యాలే. వాటిని నింపి పంపడమే మన పని అనుకునేవారికీ, "ఇది సరిపడేదాకా పని ఆపండి" అని రాసేవారికీ మధ్య ఉన్న దూరం కొన్ని ప్రాణాలంత.

భోపాలు మరువలేము. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి తరువాత, భారత కంపెనీలో 50.9 శాతం వాటా ఉన్న అమెరికా యూనియన్ కార్బైడ్ తన పిల్ల కంపెనీ వేరు, తాను వేరు అని వాదించినది. 1986లో అమెరికా కోర్టు కేసును మన దేశానికి పంపివేసినది. 300 కోట్ల డాలర్లకు పైగా కోరిన దావా 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకు రాజీ అయినది. పరిహారం పెంచాలని కేంద్రం వేసిన క్యూరేటివ్ పిటిషనును 2023 మార్చి 14న సుప్రీం కోర్టు తోసిపుచ్చినది. తల్లి కంపెనీ, పిల్ల కంపెనీ అన్న గోడను ఇటుక ఇటుకగా కట్టేది చట్టం చదివినవారి చేతులే. ఒప్పందం రాసే రోజున ఆ గోడ ఎవరిని ఏ పక్కన వదిలివేస్తుందో ఒక్కసారి ఆలోచించడం కష్టమైన పని కాదు.

చేయవలసినది

మరి మార్గం ఏది? మేము నాలుగు మాటలు సూచిస్తాము.

ఒకటి: నియామక ఉత్తర్వును కక్షిదారు దస్తావేజును చదివినట్లు చదవండి. ఉద్యోగం మానిన తరువాత ఫలానా కంపెనీలో చేరరాదన్న షరతు 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ముందు సాధారణంగా నిలువదు. కాని ఫలానా కాలానికి ముందు మానితే ఇంత సొమ్ము కట్టవలెనన్న బాండు వేరు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లు నిండకుండా మానిన అధికారి 2 లక్షలు చెల్లించవలెనన్న షరతును సుప్రీం కోర్టు నిలబెట్టినది. ఆ బాండుపై సంతకం చేసే ముందు ఆలోచించుకోండి.

రెండు: మీ సలహాను రాతలో ఇవ్వండి. మాటతో చెప్పమన్నచో చెప్పిన తరువాత, చెప్పిన సంగతిని, తేదీని ఆఫీసు పద్ధతి ప్రకారమే ఒక చిన్న నోటుగా పంపండి. కంపెనీ కాగితాలు ఇంటికి తీసుకుపోవద్దు, అది మరొక నేరారోపణకు దారి తీస్తుంది. తేదీ మార్చిన కాగితం మీద, జరగని విచారణను జరిగినట్లు చెప్పే కాగితం మీద సంతకం చేయవద్దు. జీతం మీ కాలానికి మాత్రమే.

మూడు: కార్మికులతో ఒప్పందం కుదిరే చోట కుదరనివ్వండి. చట్టంలో ఉన్న ప్రతి కంతనూ వెదికి కేసును పదేళ్లు సాగదీయడం చేతనైన పని కావచ్చును. ఆ పదేళ్లలో ఒక కార్మికుని పిల్లల చదువు ఆగిపోతుంది. బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టి, డబ్లిన్‌లో లా చదివి వచ్చిన వి.వి. గిరి గారు వకీలు వృత్తి వదలి రైల్వే కార్మికుల మధ్యకు వెళ్లారు. వివాదాలు కోర్టు తీర్పుల ద్వారా కాక ఉభయులూ ఎదురెదురుగా కూర్చుని తీర్చుకోవలెనన్నది ఆయన జీవితాంతం చెప్పిన మాట. 1954లో బ్యాంకు ఉద్యోగుల అవార్డును ప్రభుత్వం తగ్గించినప్పుడు కేంద్ర కార్మిక మంత్రి పదవినే వదులుకున్నారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థ ఈనాడు ఆయన పేరు మీద ఉన్నది. అందరూ వృత్తి వదలమని మేము అనము. చట్టం చదివిన మనిషి కుర్చీ కంటె పెద్దవాడు కాగలడని గుర్తు చేస్తున్నాము.

నాలుగు: సంఘంగా ఏర్పడండి. మేము ఇక్కడికి వచ్చింది ముఖ్యంగా ఈ మాట చెప్పడానికే. వివాదాల విషయంలో చట్టం మిమ్మల్ని కార్మికులు కాదన్నది. కాని సంఘం పెట్టుకునే విషయంలో అట్లా అనలేదు. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం వ్యాపారంలోగాని, పరిశ్రమలోగాని పనిచేసే వారందరినీ ఆ లెక్కలోకి తీసుకున్నది. కొత్త కోడ్ కూడా యూనియన్ల అధ్యాయంలో ఆ విశాల నిర్వచనాన్నే ఉంచినది. బ్యాంకు అధికారులు సంఘాలుగా నిలబడినది ఈ దారినే.

మందుల కంపెనీల ప్రతినిధుల చరిత్ర చూడండి. సూటు బూటు వేసుకుని, టై కట్టుకుని తిరిగే వారిని ఒకప్పుడు ఎవరూ కార్మికులనుకోలేదు. శాండోజ్ అనే బహుళజాతి కంపెనీ కేసులో 1994లో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా వారు వర్క్‌మన్ నిర్వచనంలోకి రారన్నది. అయినా వారు ఊరూరా సంఘటితులై ఉద్యమించారు. 1976లోనే వారికై అమ్మకాల ప్రోత్సాహక ఉద్యోగుల చట్టం వచ్చి ఉన్నది. నేటి కోడ్‌లో కార్మికుడన్న మాటకు ఇచ్చిన అర్థంలో వారి పేరు విడిగా చేర్చబడినది. కోర్టు నిర్వచనం ఇవ్వని చోట సంఘటిత శక్తి చట్టసభ చేత నిర్వచనం రాయించినది. చట్టం చదివిన మీరు మందుల సంచీ మోసిన వారికంటె వెనుకబడి ఉండవలసిన పని ఏమున్నది?

మొదట చిన్నగా ఆరంభించండి. ఈ గదిలో ఉన్నవారు పేర్లు రాసుకోండి. ఎవరు ఏ కంపెనీలో చేరినా ఒకరి నియామక ఉత్తర్వును మరొకరు చదివి పెట్టండి. తప్పు కాగితం మీద సంతకం పెట్టనందుకు ఉద్యోగం పోయినవారికి రెండు నెలల ఇంటి అద్దె ఇవ్వగల ఒక చిన్న నిధి పెట్టుకోండి. మా కార్యాలయానికి వచ్చిన ఆ యువతికి అటువంటి సంఘం ఒకటి ఉన్నట్లయితే ఆమె ఆనాడు రాజీనామా మీద సంతకం చేయక ముందు ఒకరికి ఫోను చేయగలిగి ఉండేది.

రేపు మనం రాజీ అధికారి గదిలో బల్లకు ఇరువైపులా కలుసుకోవచ్చును. మీరు మీ కంపెనీ పక్షాన గట్టిగా వాదించండి, మేము మా కార్మికుల పక్షాన గట్టిగా వాదిస్తాము. కాగితాలు నిజమైనవి అయి ఉంటే చాలును. ఆ నిజం కోసం నిలబడి మీలో ఎవరైనా ఇబ్బంది పాలైనచో, నిర్వచనాలు చూడకుండా మా ఫెడరేషన్ తలుపు తట్టండి.